చంద్రుడి కార్డు మూడుసార్లు వచ్చింది, ఆ బొమ్మలో ఉన్నది శత్రువేనా?

విశాఖ_వెన్నెల
సోమవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నాకు టారో, అదే బొమ్మల కార్డులు తీసి జోస్యం చూడటం, పెద్దగా రాదు, పోయిన నెలలోనే ఒక డెక్ (కార్డుల కట్ట) కొనుక్కున్నాను. ఉండేది ఎంవీపీ కాలనీ. నేనూ నా స్నేహితురాలూ కలిసి ఆరేళ్ళుగా మగ్గం వర్క్ షాపు నడుపుతున్నాం, బ్లౌజులు, లంగావోణీలు, పెళ్ళి సీజన్‌లో తిండికి కూడా తీరిక ఉండదు. మూడు నెలలుగా లెక్క తేలడం లేదు. బ్యాంకులో ఉండాల్సిన దానికీ ఉన్న దానికీ నలభై వేల దాకా తేడా వస్తోంది. డబ్బులు తీసేది మేమిద్దరమే. తనని అడగడానికి నోరు రాలేదు, అడక్కుండా నిద్ర పట్టలేదు.

ఆ టెన్షన్‌లో ఒక రీడర్ దగ్గరికి వెళ్ళాను. మూడు కార్డులు తీస్తే మధ్యలో ది మూన్, అంటే చంద్రుడి కార్డు, వచ్చింది. "నీ పక్కనే ఉన్న మనిషి నిన్ను మోసం చేస్తోంది, ఇది దాగి ఉన్న శత్రువు కార్డు" అన్నారు. నేను షాపు సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఇంటికొచ్చి నా డెక్‌తో నేనే మూడు తీశాను, మళ్ళీ వచ్చింది. మర్నాడు రాత్రి మళ్ళీ తీశాను, మళ్ళీ అదే. ఒళ్ళు జలదరించింది.

గంట నుంచి ఆ కార్డునే చూస్తూ కూర్చున్నాను. పైన చంద్రుడిలో ఒక ముఖం ఉంది, కళ్ళు దించుకుని, కొంచెం దిగులుగా. కింద ఒక కుక్క, ఒక తోడేలు తలెత్తి ఉన్నాయి. వాటికి ఇవతల మడుగు, అందులోంచి రొయ్యలాంటిదేదో పైకి పాకుతోంది. వెనక అటొకటి ఇటొకటి బురుజులు, మధ్యలోంచి కొండల దాకా ఒక దారి. ఇందులో శత్రువు ఎక్కడున్నాడో నాకు కనబడటం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. రేపు తనని నిలదీద్దామనుకుంటున్నాను.

అరుణ_సీతమ్మధార
సోమవారం, రాత్రి 11:58

రేపు నిలదీయకండి అమ్మా. ముందు అది చెప్పాలని వెంటనే రాస్తున్నాను.

నేను పదకొండేళ్ళుగా టారో చూస్తున్నాను. మీ రీడర్ చెప్పింది ఆవిడ సొంత కల్పన కాదు. మనం ఎక్కువగా వాడే ఈ డెక్‌ని 1909లో లండన్‌లో వేయించిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్, జోస్యానికి ఒక్కో కార్డుకీ ఒక వరస అర్థాలు ఇచ్చాడు. చంద్రుడి దగ్గర దాగిన శత్రువులు, ప్రమాదం, నిందలు, చీకటి, భయం, మోసం, పొరపాటు అని ఉంటుంది. చాలామంది ఆ వరసలో మొదటి మాట పట్టుకుని అక్కడే ఆగిపోతారు. అదే మనిషి అదే కార్డు బొమ్మని వివరిస్తూ రాసింది చదివితే వేరే సంగతి కనబడుతుంది. ఆ కుక్కా తోడేలూ ఎవరో బయటివాళ్ళు కావు, దారి ఎటు పోతుందో తెలియని చోట నిలబడ్డ మన మనసులోని భయాలే అంటాడు. అక్కడ దారి చూపడానికి ఉన్నది ఎక్కడినుంచో పడి తిరిగొచ్చే వెలుగు మాత్రమే అంటాడు.

మీరు చూసినవన్నీ సరిగ్గానే చూశారు, ఇంకో రెండు చూడండి. మొదటిది, ఈ బొమ్మలో మనిషి లేడు. చంద్రుడి ముఖం తప్ప నరమానవుడు కనబడడు. 78 కార్డుల డెక్‌లో పెద్ద కార్డులనేవి ఇరవై రెండు, వాటిలో ఇలాంటివి చాలా తక్కువ. మనిషే లేని బొమ్మలోంచి "నీ పక్కనున్న మనిషి" అని ఎలా చదువుతాం? రెండోది, ఆ రెండు జంతువులూ ఒకదాన్నొకటి చూసుకోవడం లేదు. రెండూ చంద్రుణ్ణే చూస్తున్నాయి.

గాజువాక_శ్రీను
మంగళవారం, ఉదయం 6:15

నాకు టారో మీద నమ్మకం లేదు, ముందే చెప్తున్నా. కానీ మూడుసార్లు వచ్చిందని మీరు భయపడుతున్నారు కాబట్టి ఆ లెక్క చెప్తాను.

78 కార్డుల్లోంచి మూడు తీస్తే, వాటిలో ఫలానా కార్డు ఉండే అవకాశం 26లో ఒకటి. అదంత అరుదేం కాదు, రోజూ తీసేవాళ్ళకి నెలకోసారి తగులుతుంది. రీడర్ డెక్ వేరు, మీ డెక్ వేరు. మీ డెక్‌లో వరసగా రెండుసార్లు రావడమంటే 676లో ఒకటి, అదీ బాగా కలిపితే. 52 ముక్కల పేకని రెండు సగాలు చేసి ఒకదాంట్లో ఒకటి జొప్పిస్తూ ఏడుసార్లు కలిపితేగానీ సరిగ్గా కలవదని బేయర్, డయాకోనిస్ అనే గణితవేత్తలు 1992లో చూపించారు. మీది 78 ముక్కల డెక్, కొత్తది, గట్టి అట్ట. మొదటిసారి తీశాక ఆ కార్డు ఎక్కడ పెట్టారు? పైనో మధ్యలోనో పెట్టి రెండు మూడుసార్లు అటూ ఇటూ తిప్పి ఉంటే అది మళ్ళీ చేతికి రావడంలో వింతేం లేదండి.

ఇక షాపు విషయంలో నా మాట ఒకటే. బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి, బిల్లుల పుస్తకం పక్కన పెట్టుకోండి, ఏ తారీఖున ఎంత పోయిందో కాగితం మీద రాయండి. కార్డు ముందు కాదు, ఆ కాగితం ముందు కూర్చోండి.

కుంచె_రంగు
మంగళవారం, ఉదయం 9:30

నేను బొమ్మలేస్తాను, రీడింగులు చెప్పను. డెక్‌లు మాత్రం ఏడు రకాలున్నాయి నా దగ్గర, చంద్రుడి కార్డు అన్నింట్లోనూ పక్కపక్కన పెట్టి చూడటం నాకొక అలవాటు. అందుకని కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఈ బొమ్మ గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్. 1878లో పుట్టింది, చిన్నతనంలో కొంతకాలం జమైకాలో ఉంది, తర్వాత లండన్‌లో నాటకాల వాళ్ళతో కలిసి పనిచేసింది. 1909లో ఈ మొత్తం డెక్‌కి బొమ్మలు గీసింది. ఎంత పెద్ద పని ఎంత తక్కువ డబ్బుకి చేశానో అని ఒక ఉత్తరంలో రాసుకుంది కూడా. 1951లో అప్పులతో చనిపోయింది. చాలాకాలం ఈ డెక్‌ని అచ్చువేసిన కంపెనీ పేరుతో, వెయిట్ పేరుతో మాత్రమే పిలిచారు. ఆవిడ పేరు కలిపి చెప్పడం ఈమధ్యనే మొదలైంది, నేనైతే ఆవిడ పేరే ముందు చెప్తాను. కార్డుల మూల చూడండి, మెలికలు తిరిగిన అక్షరాల ముద్ర ఉంటుంది, అది ఆవిడ సంతకం.

అంతకుముందు సంగతికి వస్తే, టారో పుట్టింది జోస్యం కోసం కాదు. పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాట కోసం పుట్టింది. మిలన్ ప్రభువుల కోసం చేతితో వేసిన పాత డెక్‌లో చంద్రుడి కార్డు మీద కుక్క లేదు, తోడేలు లేదు, మడుగూ లేదు. ఒక స్త్రీ నిలబడి చేతిలో నెలవంక పట్టుకుని ఉంటుంది, అంతే. అందులో భయం అనేదే కనబడదు. తర్వాత ఫ్రాన్సులో మార్సే పద్ధతి కార్డుల్లో రెండు జంతువులూ, రెండు బురుజులూ, నీళ్ళలో ఆ జీవీ, రాలే చుక్కలూ స్థిరపడ్డాయి. 1781లో కూర్ ద జెబలాన్ అనే ఫ్రెంచి పండితుడు ఇదంతా ఈజిప్టు విద్య అని రాశాడు. ఆ చుక్కలు నైలు నదికి వరద తెచ్చే ఐసిస్ దేవత కన్నీళ్ళన్నాడు. ఈజిప్టుకీ ఈ కార్డులకీ సంబంధం ఉన్నట్టు ఒక్క ఆధారమూ లేదు. కానీ ఆ మాట ఎంత బలంగా పాతుకుపోయిందంటే, 1938 తర్వాత అలైస్టర్ క్రౌలీ అనే ఇంగ్లీషు మంత్రవేత్త కోసం ఫ్రీడా హారిస్ అనే చిత్రకారిణి వేసిన డెక్‌లో చంద్రుడి కార్డు మీద కుక్కల చోట నక్క తలల ఈజిప్టు దేవుళ్ళు, అనుబిస్‌లు, నిలబడ్డారు. మడుగులో జీవి పోయి, సూర్యబింబాన్ని మోసుకొచ్చే పేడపురుగు వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "ఈ కార్డుకి అర్థం ఇది" అని ఎవరైనా ఒక్క మాటలో తేల్చేస్తే ఏ డెక్‌లో, ఏ కాలంలో అని అడగాలి. ఐదువందల ఏళ్ళలో ఇందులో మారకుండా ఉన్నది చంద్రుడొక్కడే.

ఒక చిన్న సంగతి. ఫ్రెంచివాళ్ళు మునిమాపువేళని "కుక్కకీ తోడేలుకీ మధ్య" అంటారు. ఎదురుగా వచ్చేది మన కుక్కో అడవి తోడేలో పోల్చుకోలేని వెలుగు అన్నమాట. ఆ మాట మనసులో పెట్టుకుని మీ కార్డు ఇంకోసారి చూడండి.

మధురవాడ_మైథిలి
మంగళవారం, ఉదయం 10:05

నేను అరుణగారితో ఒప్పుకోను. చంద్రుడంటే మనసు, మన లోపలి గొంతు. వెన్నెలగారికి మూడు నెలలుగా లోపల ఏదో తప్పు జరుగుతోందని అనిపిస్తోంది, కార్డు అదే చెప్పింది. మనసు చెప్పింది వినకపోవడం వల్లే నేనొకసారి బాగా దెబ్బతిన్నాను, చాలా దగ్గరివాళ్ళ చేతిలో. అప్పుడు నాకూ అందరూ తొందరపడకు అనే చెప్పారు. నిలదీయడమే మంచిది.

అరుణ_సీతమ్మధార
మంగళవారం, ఉదయం 10:40

మైథిలిగారూ, మీకు జరిగినదానికి నిజంగా బాధగా ఉంది. తొందరపడకు అన్నంత మాత్రాన అడగొద్దని నా ఉద్దేశం కాదు. అడగాలి. నలభై వేలు చిన్న మొత్తం కాదు.

కానీ లోపలి గొంతుకీ భయానికీ తేడా ఉంది, నా అనుభవంలో దాన్ని పట్టుకోవడం చాలా కష్టం. నిజంగా లోపల తెలిసినప్పుడు అది ఒక్కసారే చెప్తుంది, మెల్లగా చెప్తుంది. భయం అలా కాదు, అర్ధరాత్రి లేపి అదే మాట వందసార్లు అంటుంది, మళ్ళీ కార్డు తియ్యమంటుంది. వెన్నెలగారు రెండు రాత్రులు వరసగా తీసింది ఏ గొంతు విని? ఇది తప్పు పట్టడం కాదు, నేనూ అలా తీసినదాన్నే.

పెదవాల్తేరు_మాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 2:20

అమ్మా వెన్నెలా, నేను ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ కార్డులు నాకు కొత్త. మా మనవరాలు ఈ చర్చ చూపిస్తే పొద్దుట్నుంచీ చదువుతున్నాను. అరుణగారు రాసిన వరసలో ఒక మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. నిందలు.

చవితి చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయని మనింట్లో ప్రతి వినాయక చవితికీ అక్షతలు చేతిలో పట్టుకుని వింటాం కదా, శమంతకోపాఖ్యానం. ఒక్కసారి ఆ కథని మీ కార్డు పక్కన పెట్టి చూడండి. కృష్ణుడు పాలలో చంద్రుడి నీడని చూశాడు. చంద్రుణ్ణి కాదు, నీడని. సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు శమంతకమణి మెడలో వేసుకుని వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. అంతకుముందు కృష్ణుడు ఆ మణిని అడిగాడు, వీళ్ళు ఇవ్వలేదు. అంతే, రెండూ కలిపేసుకుని కృష్ణుడే చంపి మణి కాజేశాడని సత్రాజిత్తు ఊరంతా చాటాడు. అతనికి తెలిసినవి రెండే నిజాలు, మణి కనబడలేదన్నది, కృష్ణుడు అడిగాడన్నది. మధ్యలో ఖాళీని అనుమానంతో పూడ్చుకున్నాడు.

మనం ఆ కథని ఎప్పుడూ కృష్ణుడి వైపు నుంచే వింటాం, నింద పడకూడదని అక్షతలు నెత్తిన వేసుకుంటాం. మీ ఉత్తరం చదివాక మొదటిసారి సత్రాజిత్తు వైపు నుంచి ఆలోచించాను. ఈ వయసులో, ఇన్నిసార్లు ఆ కథ చెప్పాక! నింద మీ మీద పడుతుందని కార్డు చెప్తోందో, మీ నోటి నుంచి పడబోతోందని చెప్తోందో మీరే చూడండమ్మా.

మరి కృష్ణుడేం చేశాడు? వాదించలేదు. పదిమందిని వెంటబెట్టుకుని అడవికి వెళ్ళి అడుగుజాడలు వెతికాడు. ప్రసేనుడి కళేబరం, అక్కణ్ణుంచి సింహం అడుగులు, సింహం చచ్చిపడి ఉన్న చోటు నుంచి భల్లూకం అడుగులు, అవి జాంబవంతుడి గుహకి చేర్చాయి. గాజువాక శ్రీనుగారు చెప్పిన బ్యాంకు కాగితం నాకు ఆ అడుగుజాడల్లాగే తోచింది.

ఇంకొకటి. మన వేదాంతులు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ, తాడుని చూసి పామనుకోవడం. పూర్తి చీకట్లో ఆ పొరపాటు జరగదు, ఏమీ కనబడదు కాబట్టి. పట్టపగలూ జరగదు. మసకవెలుగు ఉండాలి. వెన్నెలది ఆ వెలుగే. చంద్రుడిది సొంత వెలుగు కాదని ఆర్యభటుడు 499 ప్రాంతంలోనే రాశాడు.

కార్డులో చంద్రుడి చుట్టూ కిరణాలు పదహారు పెద్దవి, పదహారు చిన్నవి అని మనవరాలు లెక్కపెట్టి చెప్పింది. మన చంద్రుడికి షోడశ కళలు. రాలే చుక్కలు పదిహేనంది, పక్షానికి తిథులు పదిహేను. ఇది చూసి ఆశ్చర్యపోయాను.

కుంచె_రంగు
మంగళవారం, సాయంత్రం 5:10

మాస్టారూ, సత్రాజిత్తు మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ కార్డుని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇలా ఎప్పుడూ తట్టలేదు.

పదహారు కళల దగ్గర మాత్రం ఒక్క మాట. పదహారు, పదహారు కిరణాలని వెయిట్ స్వయంగా రాశాడు, లెక్క సరైనదే. అయితే అతను మన కళల్ని తలుచుకుని పెట్టించాడని చెప్పడానికి ఆధారం లేదు. వెయిట్ తిరిగిన గుప్తవిద్యల గుంపువాళ్ళు యూదుల అక్షరాలు, రాశులు, గ్రహాలు కలిపి ఒక పద్ధతి అల్లుకున్నారు, ఆ చుక్కలు కూడా వాళ్ళ యోద్ అనే అక్షరం ఆకారంలో ఉంటాయి. వాళ్ళ పద్ధతిలో ఈ కార్డుకి ఇచ్చింది మీన రాశి. మడుగులో ఉన్నది మాత్రం కర్కాటకాన్ని గుర్తుచేస్తుంది, దానికి అధిపతి చంద్రుడని వాళ్ళ జ్యోతిషమూ మన జ్యోతిషమూ రెండూ అంటాయి. మన చంద్రుణ్ణి మనం ఆ బొమ్మలోకి తెచ్చుకోవడంలో తప్పు లేదు. గీసినవాళ్ళే పెట్టారని చెప్పకుండా ఉంటే చాలు. జెబలాన్ ఈజిప్టుతో చేసిన పొరపాటు మనం చేయకూడదని నా తాపత్రయం.

పెదవాల్తేరు_మాస్టారు
మంగళవారం, సాయంత్రం 5:45

ఒప్పుకున్నాను. తిథుల మాట నా ముచ్చటగానే ఉంచండి.

జాలారిపేట_చిన్నా
మంగళవారం, రాత్రి 9:25

అందరూ కుక్క, తోడేలు అంటున్నారు గానీ నీళ్ళలోంచి వస్తున్నదాని గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. మాది వేట మీద బతికే ఇల్లు. మా నాన్న ఇప్పటికీ బోటు మీద వెళ్తారు, నేను చదువుకుని ఉద్యోగంలో ఉన్నాను. కార్డు ఫోన్‌లో మా నాన్నకి చూపించాను. ముందు ఏమన్నారంటే, "ఇది పౌర్ణమి రోజు, పోటు మీద ఉంది, అందుకే అది పైకొచ్చింది" అన్నారు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, నీళ్ళు తీరం మీదికి బాగా ఎక్కుతాయి, మామూలప్పుడు కనబడనివి కనబడతాయి. చంద్రుడే లాగుతున్నాడు నీటిని. అంటే ఆ జీవి తనంతట తాను దండెత్తి రావడం లేదు. అది శత్రువు ఎందుకవుతుంది?

నాకు ఆ బొమ్మ చూడగానే తాబేలు గుర్తొచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా, రాత్రిపూట ఒక్కతే నీళ్ళలోంచి పాక్కుంటూ పైకొస్తుంది, ఇసక తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి, కప్పేసి, తెల్లారకముందే వెళ్ళిపోతుంది. ఆ గుడ్ల కోసం కాచుకుని ఉండేవి ఏవో తెలుసా, కుక్కలూ నక్కలూ. అచ్చం ఆ కార్డే. అందుకే అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లు ఏరి కంచె కట్టిన చోట పూడుస్తారు, నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తే సముద్రంలో వదులుతారు. నేను రెండేళ్ళుగా ఆ పనికి సాయం వెళ్తున్నాను.

అక్కడ చూసిందే మీకు చెప్పాలని ఇంత రాస్తున్నాను అక్కా. పిల్లలు గుడ్డులోంచి వచ్చాక ఎటు వెలుగుంటే అటు నడుస్తాయి. అనాదిగా రాత్రిపూట సముద్రం వైపే వెలుగు, చుక్కలదో చంద్రుడిదో నీళ్ళ మీద పడి తళతళలాడేది. ఇప్పుడు బీచ్ రోడ్డు లైట్లు అంతకన్నా ఎక్కువ వెలుగుతాయి. కంచె బయట ఎక్కడో ఎవరికీ తెలియకుండా మిగిలిపోయిన గుడ్లలోంచి వచ్చినవి రోడ్డు వైపు నడిచిపోతాయి. ఒకసారి పొద్దున్నే వెళ్ళేసరికి రోడ్డు అంచున తొమ్మిది దొరికాయి, నాలుగే బతికి ఉన్నాయి. అవి తప్పేం చేయలేదు. వాటికి పుట్టుకతో వచ్చిన తెలివి సరైనదే. ఎదురుగా ఉన్న వెలుగు వేరే.

మైథిలి అక్కా, మీ మాటకి నా దగ్గరున్న జవాబు కూడా ఇదే. మనసు చెప్పింది వినాలి, ఆ మనసుకి ఏ వెలుగు పడుతోందో కూడా చూసుకోవాలి.

మా నాన్న ఇంకో మాట అన్నారు, రాయమన్నారు. రాత్రి బోటు తిరిగొచ్చేటప్పుడు ఊరంతా దీపాలే, ఏది డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌసో కంటితో చూసి చెప్పలేం. మెరుపుకీ మెరుపుకీ మధ్య లెక్కపెడతారు. ఒక్కో లైట్‌హౌస్‌కీ ఆ లెక్క వేరు. లెక్క కుదిరాకే బోటు తిప్పుతారు. ఆ కార్డులో రెండు బురుజులు చూసి నాన్నకి ఒక పక్క డాల్ఫిన్స్ నోస్, ఇంకో పక్క రాస్‌హిల్ గుర్తొచ్చాయట, మధ్యలో హార్బర్‌లోకి వచ్చే దారి.

నైట్‌డ్యూటీ_నర్సు
బుధవారం, తెల్లవారుజాము 3:50

డ్యూటీలో ఉన్నాను, కొంచెమే రాస్తాను. పందొమ్మిదేళ్ళుగా రాత్రులు వార్డులో ఉంటున్నాను. రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య పేషెంట్లు అడిగే ప్రశ్నలు వేరు, పొద్దున ఎనిమిదికి అడిగేవి వేరు. జబ్బు అదే, రిపోర్టు అదే. వెన్నెలా, నువ్వు మొదటి పోస్టు పెట్టిన టైమ్ చూసుకో. నిద్రపో తల్లీ ముందు.

విశాఖ_వెన్నెల
బుధవారం, ఉదయం 8:10

నిన్న నిలదీయలేదు. షాపుకి వెళ్ళాను, మామూలుగా పని చేసుకున్నాను, తనకేసి చూడలేకపోయాను.

అందరివీ రెండేసిసార్లు చదివాను. శ్రీనుగారూ, మీరడిగింది నిజమే, మొదటిసారి తీశాక ఆ కార్డుని భయంతో విడిగా పెట్టి, తర్వాత పైన పెట్టేసి కలిపాను. మాస్టారుగారూ, సత్రాజిత్తు గురించి చదివాక చేతులు చల్లబడ్డాయి.

నాకు ఆ దారి చూస్తే ఒకటి గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట మేమిద్దరం సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ చేశాం, ఆషాఢ పౌర్ణమి ముందురోజు. కొండ మెట్ల మొదట్లో తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే 32 కిలోమీటర్లు, రాత్రంతా నడకే. ఎంత జనమో. పౌర్ణమి ముందురోజే గానీ మబ్బులు, వాన, చంద్రుడు కనబడిందే లేదు. హనుమంతవాక దాటాక నా కాలు బెణికింది. తను నా సంచి కూడా తన భుజానికే వేసుకుని, నా చెయ్యి వదలకుండా తెల్లారేదాకా నడిపించింది. ఆ మనిషినే నేను ఇప్పుడు దొంగ అనుకుంటున్నాను. అనుకోకుండా ఉండలేకపోతున్నాను కూడా, డబ్బు పోయింది నిజమే కదా.

అరుణగారూ, ఇప్పుడు నేనేం చెయ్యాలి? కార్డు మళ్ళీ తియ్యనా?

అరుణ_సీతమ్మధార
బుధవారం, ఉదయం 8:35

తీయకండి. డెక్‌కి గుడ్డ చుట్టి బీరువాలో పెట్టండి.

టారోలో 18 చంద్రుడు, 19 సూర్యుడు. ఆ వరస నాకు చాలా ఇష్టం. సూర్యుడి కార్డులో పసిబిడ్డ గుర్రమెక్కి చేతులు చాపుకుని ఉంటాడు, వెనక గోడ మీద పొద్దుతిరుగుడు పూలు, దాచుకోవడానికి ఏమీ లేదు. పగటిపూట అడగండి. షాపులో అడగండి. శ్రీనుగారు చెప్పిన కాగితం ముందుపెట్టి, "ఇది నాకు అర్థం కావడం లేదు, నువ్వు చూడు" అనండి. అది నిలదీయడం కాదు, నిజంగా అడగడం. తను చెప్పేది మీకు నచ్చకపోవచ్చు, ఆ సంగతి కూడా దాచను. మోసమే అయి ఉండొచ్చు. అప్పుడైనా మీరు పగటివెలుగులో చూసినట్టు ఉంటుంది.

మధురవాడ_మైథిలి
బుధవారం, ఉదయం 9:20

తాబేళ్ళ గురించి చదివి ఏడ్చాను చిన్నా. నా విషయంలో నేను అనుకున్నదే నిజమైంది, అందుకని ప్రతిచోటా అదే నిజమనుకుంటున్నానేమో. వెన్నెలగారూ, అరుణగారు చెప్పినట్టు అడగండి. అడగడం మాత్రం మానకండి.

విశాఖ_వెన్నెల
ఆదివారం, రాత్రి 8:15

అడిగాను. ఇవాళ పొద్దున, పనివాళ్ళు రాకముందు.

కాగితం చూపించగానే తను కుర్చీలో కూలబడిపోయింది. వాళ్ళమ్మకి జనవరిలో ఆపరేషన్ అయిందట, ఊళ్ళో ఉన్నావిడని అర్ధరాత్రి ఇక్కడి ఆస్పత్రికి తెచ్చారట. కట్టాల్సిన డబ్బుకి ఎవరూ లేక షాపు అకౌంట్‌లోంచి మూడు దఫాలుగా 38,000 తీసింది. ఒక చిన్న నోట్‌బుక్ తెచ్చి చూపించింది, తారీఖులతో సహా రాసి ఉంది, అందులో 6,000 తిరిగి వేసేసినట్టు కూడా ఉంది. ఆ 6,000 బ్యాంకు కాగితంలోనూ ఉన్నాయి, నేనే చూసుకోలేదు. మిగిలిన తేడా జరీ దారం బిల్లు ఒకటి నేను ఎక్కించడం మర్చిపోయింది.

ఎందుకు చెప్పలేదని అడిగితే, "నీకు తెలిసిపోయిందనుకున్నాను. మూడు నెలలుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, నా ముఖం చూడటం లేదు. రేపో మాపో వాటా విడదీసుకుందామంటావని రోజూ భయపడుతూ వస్తున్నాను" అంది. నేను తనని చూసి భయపడుతున్నాను, తను నన్ను చూసి భయపడుతోంది. అరుణగారు మొదటి రోజే రాశారు కదా ఆ రెండు జంతువుల గురించి.

కోపం పోలేదు. చెప్పకుండా తీయడం తప్పే, ఆ మాట తనతోనూ అన్నాను. ఇక మీద డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకం ఉండాలని బ్యాంకులో మార్పిస్తున్నాం. వాళ్ళమ్మని చూడటానికి రేపు వెళ్తున్నాను, కమలాపళ్ళు కొన్నాను.

ఆ రీడర్ చెప్పింది అబద్ధమా అంటే పూర్తిగా కాదనలేను. పక్కనున్న మనిషి ఒకటి దాచింది, నిజమే. శత్రువు అన్న ఒక్క మాట దగ్గరే నేను మునిగిపోయేదాన్ని.

కుంచె_రంగు
ఆదివారం, రాత్రి 8:50

వెన్నెలగారూ, మీ డెక్ బీరువాలోంచి తీయమని అడగను గానీ, ఎప్పుడైనా తీసినప్పుడు చంద్రుడి పక్కన 13వ కార్డు, మృత్యువు, పెట్టి చూడండి. అందులో దూరంగా అవే రెండు బురుజులు కనబడతాయి, వాటి మధ్య సూర్యుడు ఉంటాడు. పమేలా ఆ బురుజుల్ని రెండుచోట్ల ఎందుకు పెట్టిందా అని నేను చాలా ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను.

జాలారిపేట_చిన్నా
ఆదివారం, రాత్రి 9:30

అక్కా, ఈ వారంలో ఒక గుంటలోంచి తాబేలు పిల్లలు బయటికి రావాలి. వదిలేది తెల్లవారుజామున, ఐదున్నరకల్లా తీరం మీద ఉండాలి. ఫోన్ లైటు వెయ్యకూడదు, అదొక్కటే నియమం. మీరిద్దరూ రండి.

విశాఖ_వెన్నెల
ఆదివారం, రాత్రి 9:34

వస్తాం తమ్ముడూ. రోజు చెప్పు, షాపు ఆలస్యంగా తీస్తాం.